రాహేలమ్మ గారికి లెక్కలు చెప్పిన రోజులు

పోయిన నెల నెల్లూరులో నా కుడికంటికి శుక్లం తీశారు. మర్నాడు కట్టు మార్చడానికి వచ్చిన నర్సమ్మ నా తల పక్కనే ఒక స్టీలు డ్రమ్ము మూత తీసింది. ఒక కంటికి కట్టు ఉంది, రెండో కన్ను మూసుకోమన్నారు, కాబట్టి నాకేమీ కనిపించలేదు. కాని మూత తెరుచుకోగానే వాసన వచ్చింది. ఆవిరిలో ఉడికి, ఆరి, ఇంకా కాస్త వెచ్చదనం మిగిలిన నూలుగుడ్డ వాసన. నాకు తెలియకుండానే లేచి కూర్చోబోయాను. "కదలబాకండమ్మా, పడుకోండి" అంది ఆ అమ్మాయి నా భుజం మీద చెయ్యేసి. పడుకుని, "ఈ గుడ్డలన్నీ ఎవరు మడతపెడతారమ్మా?" అని అడిగాను. "ఎవరో ఒకరు పెడతారులేండి" అంది. ఒకప్పుడు ఆ ఎవరో ఒకరిని నేనే. పద్నాలుగో ఏట మొదలుపెట్టి మూడేళ్ళు, పొద్దున బడికి వెళ్ళే ముందూ సాయంత్రం బడి వదిలాకా, ఆసుపత్రి గుడ్డలు ఉడకబెట్టాను, ఆరేశాను, మడతపెట్టాను. నాకు ఆ పని నేర్పినావిడ పేరు రాహేలమ్మ గారు. ఆమెను చూసినవాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది లేరు. నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరేమోనని ఇది రాస్తున్నాను.

మా పల్లె అల్లూరు నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. చుట్టూ వరిపొలాలు, ఆ తర్వాత కాలవ, కాలవ దాటితే ఇసుక, ఇసుక దాటితే చేపలు పట్టే పట్టపువాళ్ళ పాళేలు. మాకు రెండు మైళ్ళ దూరంలో ఒక పెద్ద ఊరు ఉండేది. హైస్కూలూ, చిన్న మిషన్ ఆసుపత్రీ రెండూ అక్కడే. మా నాయన కాలవ గట్టున నడుస్తూ సరుకు పడవలు తాడుతో లాగేవాడు. అరవైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడు, ఒడ్డు జారి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ప్రాణం దక్కింది గాని మళ్ళీ తాడు పట్టుకోలేదు. నా వెనక ఇద్దరు తమ్ముళ్ళు. అమ్మ నాట్లకూ కలుపుకూ పోయేది. ఆమె నన్ను కూర్చోబెట్టి ఏమీ చెప్పలేదు. ఒక సోమవారం పొద్దున నాకు తల దువ్వి, పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టి, "పద, ఆస్పత్రిలో గుడ్డల పనికి మనిషి కావాలంట" అంది. రెండు మైళ్ళూ అమ్మ వెనకాలే నడిచాను.

ఆసుపత్రి వెనక ఒక పొడుగాటి పెంకుటిల్లు. దాన్ని అందరూ గుడ్డల గది అనేవాళ్ళు. బయట రెండు పొయ్యిల మీద రెండు రాగి కాగులు, ఒక్కోదాంట్లో మనిషి కూర్చోవచ్చు. ఆ గదికి పెద్ద రాహేలమ్మ గారు. అప్పటికి ఆమెకు నలభై దగ్గర. సన్నటి మనిషి, నల్లటి మనిషి, అంచు లేని తెల్లచీర. మోచేతుల దాకా చర్మం చాకలి సోడా నీళ్ళకు పాలిపోయి, ఆ చేతులు వేరే ఎవరివో తెచ్చి అతికించినట్టుండేవి. మా అమ్మ చెప్పిందంతా విని, నన్ను పైనుంచి కిందికి చూసి, "చదువుతా ఉండావా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపు అమ్మ, "తొమ్మిదిలో ఉండాదక్కా, మానిపిచ్చేస్తన్నా" అంది.

"లెక్కలు ఎట్టా వస్తాయి?"

అమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నాకూ కాలేదు. "బాగానే వస్తాయండీ" అన్నాను.

రాహేలమ్మ గారు కాగులో కర్ర రెండుసార్లు తిప్పింది. తర్వాత మా అమ్మతో, "పూర్తి రోజు పని నా దగ్గిర లేదు. పొద్దన అయిదుకు వస్తే తొమ్మిదికి వదుల్తా. సాయంత్రం మళ్ళా నాలుగున్నరకొచ్చి ఆరుకు పోవాల. నడిమధ్యలో ఏం చేసుకుంటాదో నాకు పన్లేదు" అంది. అమ్మ నా వంక చూసింది. ఆ నడిమధ్యలో ఏముందో మా ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రం అటక మీద నుంచి సంచి దించింది నేను కాదు, అమ్మే దించింది.

అంత మంచి మనిషి దొరికిందని నేను మురిసిపోయాను గాని, పని మొదలయ్యాక ఆ మురిపెం వారం రోజులు కూడా నిలవలేదు. రాహేలమ్మ గారి దగ్గర పని చేయడం తేలిక కాదు. రక్తం మరకలు పడ్డ గుడ్డలు ముందు చల్లనీళ్ళలో నానాలి, వేడినీళ్ళలో వేస్తే మరక గట్టిపడిపోతుంది. తర్వాత సోడాలో ఉడకాలి, తర్వాత మూడు నీళ్ళలో జాడించాలి, దండెం మీద ఒకదాని నీడ ఒకదాని మీద పడకుండా ఆరేయాలి. దుప్పట్లు ఒక దొంతి, చిన్నపిల్లల గుడ్డలు ఒక దొంతి, కట్టుగుడ్డలు చుట్టలు చుట్టి డ్రమ్ముల్లోకి. ఒక అంచు వంకరగా వచ్చినా మడత విప్పదీసి నా ముందు పడేసేది. తిట్టేది కాదు. "ఇది నీ మీద కప్పుతారనుకో" అనేది, అంతే. నేను మళ్ళీ మడతపెట్టేదాన్ని.

మొదటి నెలలో ఒకరోజు చరిత్ర పరీక్ష. కాగు ముందు నిలబడి ఒక చేత్తో కర్ర తిప్పుతూ రెండో చేత్తో పుస్తకం పట్టుకున్నాను. ఏదో యుద్ధం జరుగుతోంది, రాజు పేరు గుర్తు పెట్టుకోవాలి. ఆ రాజును పట్టుకునేలోపల కాగు అడుగున గుడ్డలు అంటుకుని మాడాయి. పన్నెండు పసిపిల్లల గుడ్డలకు గోధుమరంగు మచ్చలు. రాహేలమ్మ గారు వచ్చి చూసి నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. పొయ్యిలో పెడుతుందేమో అనుకున్నాను. కొంగుతో దాని మీది తడి తుడిచి కిటికీలో పెట్టింది.

"ఇప్పుడు నీకు పాఠం వచ్చినాదా?"

"లేదండీ."

"గుడ్డలు బాగుండాయా?"

నేను మాడిన గుడ్డలు కర్రతో పైకి తీశాను.

"రెండూ పొయ్యినాయి గదా. చూడు మే, పనులన్నీ ఒక తీరుగా ఉండవు. కాగు దగ్గిర కన్నుండాల, మనసుండాల. ఇక్కడ పుస్తకం కూడదు. జాడించేదానికి చేతులుంటే చాలు. అప్పుడు నోటితో పద్యాలు చెప్పుకో, ఎవురొద్దన్నారు? కట్టుగుడ్డలు చుట్టేదానికి చేతులు గూడా వాటంతటవే పోతాయి. అప్పుడు పుస్తకం ఎదురుగా పెట్టుకో. లెక్కపెట్టేటప్పుడు మాత్రం గమ్మునుండాల."

మర్నాటి నుంచి ఆమే నా పనుల వరస మార్చింది. కాగు పని నేను వచ్చీరాగానే, నిద్రమత్తు వదిలేదాకా. జాడించేటప్పుడు తెలుగు పద్యాలు. చివరి ముప్పావుగంట చుట్టలు చుట్టడం, ఎదురుగా గోడకు ఆనించిన పుస్తకం. పేజీ తిప్పాల్సి వస్తే కట్టుగుడ్డలు పట్టిన చేతులతో ముట్టుకోకూడదని ఆమే వచ్చి తిప్పి పోయేది. మొదట్లో అది దయ అనుకున్నాను. పేజీ తిప్పడానికి వచ్చిన మనిషి ఆ పేజీ మొత్తం చదివి గాని వెళ్ళడం లేదని గమనించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం ఆమె గుడ్డల బీరువా అడుగు అరలోంచి, దుప్పట్ల కిందినుంచి, అట్ట ఊడిన ఒక పుస్తకం తీసింది. అది బీజగణితం. "ఇది నువ్వు చదివినావా?" అంది. చదువుతున్నానన్నాను. "అయితే నాకు చెప్పు" అంది, సిగ్గుపడకుండా, పప్పులో ఉప్పెంతెయ్యాలో అడిగినట్టు. అప్పట్లో హైస్కూలు చదువు ముగిసే పదకొండో తరగతి పరీక్ష ప్రైవేటుగా రాయాలని ఆమె కోరికట. మిగతావన్నీ సొంతంగా చదువుకోగలదు. లెక్కలు మాత్రం ఎవరో ఒకరు చెప్పాలి. ఆసుపత్రిలో పెద్దవాళ్ళను అడగడానికి మొహం చెల్లలేదు.

నా మొహం చూసి నవ్వింది. ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. "సగం రోజు పని నీ మీద జాలిపడి ఇచ్చినాననుకున్నావా? జాలిపడాలంటే మీయమ్మ వెనకాల ఇంకా పదిమంది నిలబడుండారు. నువ్వు బడి మానేస్తే నాకు లెక్కలెవురు చెప్తారు?"

ఆ మాటతో నాలో ఏదో బరువు దిగిపోయింది. అంతవరకూ ఆమె ముందు నేను చేతులు కట్టుకుని నిలబడే మనిషిని. నా చేతిలో కూడా ఆమెకు కావలసినది ఒకటి ఉందని తెలిశాక, ఆ సాయంత్రం రెండు మైళ్ళూ దాదాపు పరుగెత్తుతూ ఇంటికి పోయాను.

అయినా బడిలో నా పరిస్థితి బాగుండలేదు. తొమ్మిదికి గుడ్డల గది నుంచి బయల్దేరితే మొదటి గంటకు అందుకోవడం కష్టమయ్యేది. జుట్టులో పొగ, చేతులకు సోడా, చీరకు ఫినాయిలు. బెంచీ మీద నా పక్కన కూర్చునే పిల్ల ఏమీ అనకుండానే ఒక జానెడు జరిగి కూర్చునేది. మధ్యాహ్నం సాంఘికశాస్త్రం పీరియడులో నాకు కళ్ళు మూతపడేవి. ఆ అయ్యవారు చెడ్డవాడు కాదు, ఓపిక తక్కువ. ఒకరోజు నా పేరు మూడుసార్లు పిలిచినా పలకలేదట. లేపి నిలబెట్టి, "నిద్రపోవడానికి ఇంట్లో చాప లేదా అమ్మా? రేపు మీ పెద్దవాళ్ళని తీసుకురా" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

అమ్మ వస్తే ఆ రోజు కూలి పోతుంది. నాయన లేవలేడు. నేను రాహేలమ్మ గారితో చెప్పలేదు. కాని మర్నాడు పొద్దున నేను జాడిస్తూ పద్యం చెప్పుకోకపోవడం చూసి ఆమే అడిగింది. చెప్పాను. ఆమె చేతులు తుడుచుకుని, కొత్త చీర కట్టుకుని నాతోపాటు బడికి వచ్చింది. దారిపొడుగునా నాకు భయమే. అక్కడ బతిమాలుతుందేమో, మా ఇంటి కష్టాలన్నీ ఏకరువు పెడుతుందేమో అని.

ఆమె అలాంటివేమీ చేయలేదు. అయ్యవారికి దండం పెట్టి, "ఈ పిల్ల నా దగ్గిర పొద్దన్నే అయిదింటికొచ్చి పన్జేస్తాది అయ్యా. నిద్ర వచ్చేది నిజమే. మీరు పాఠం చెప్పేటప్పుడు నిలబడనీండి, శిక్షగా కాదు, నిద్ర రాకుండా. దానికి అది ఒప్పుకుంటాది" అంది. తర్వాత, "పొద్దన మొదటి గంట ఏ రోజు ఏం చెప్తారో ఒక కాయితం మీద రాసిస్తే, డ్రిల్లు ఉండే రోజుల్లో నేను ఒక పది నిమిషాలు వాడుకుంటా, లెక్కలుండే రోజుల్లో ముందే వదిలేస్తా" అంది. అయ్యవారు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆయన కాగితం తీసి రాస్తుండగా ఆమె గొంతు తగ్గించి, "ప్రైవేటుగా పరీక్ష కట్టేదానికి దరఖాస్తు ఎట్టా పెట్టాలయ్యా?" అని అడిగింది.

"ఎవరికి?"

"నాకేనయ్యా."

ఆయన పెన్ను ఆగింది. "ఈ వయసులోనా?" అన్నాడు.

"ఈ వయసులోనే గదయ్యా కుదిరింది" అంది రాహేలమ్మ గారు. అయ్యవారు నవ్వలేదు. ఆ దరఖాస్తు ఆయనే తెప్పించి ఇచ్చాడు. ఆ రోజు నుంచి ఆయన పాఠానికి నేను గోడ పక్కన నిలబడి వినేదాన్ని. మొదట్లో నవ్విన పిల్లలు పది రోజులకు మర్చిపోయారు. నిలబడి విన్న పాఠాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

సాయంత్రం అయిదున్నర నుంచి ఆరు దాకా మా లెక్కల తరగతి. బల్ల మీద ఇస్త్రీ దుప్పటి తీసేస్తే కింద నల్లటి చెక్క ఉండేది. దాని మీద సుద్దముక్కతో రాసేవాళ్ళం. గుణకారాలూ భాగహారాలూ ఆమెకు నాకంటే వేగంగా వచ్చేవి. కాని రుణసంఖ్యల దగ్గర ఆగిపోయింది. రుణాన్ని రుణంతో గుణిస్తే ధనం అవుతుందని నేను చెప్పాను.

"ఎందుకవతాది?"

"అవుతుందండీ. అది సూత్రం."

"లేనిదాన్ని లేనిదాంతో పెంచితే ఉన్నదెట్టా అవతాది మే?"

"మా లెక్కల అయ్యవారు అట్టానే చెప్పారు."

"అంటే నీకూ తెలీదు" అంది రాహేలమ్మ గారు. కోపంగా కాదు. తెలియదన్న సంగతి మా ఇద్దరి మధ్య బల్ల మీద పెట్టినట్టు అంది. అప్పటివరకు నాకు నూటికి డెబ్బై తగ్గకుండా మార్కులు వచ్చేవి. నాకు తెలియదన్న సంగతి నాకే తెలియదు. మర్నాడు బడిలో లెక్కల అయ్యవారిని అడిగితే, "పరీక్షలో ఎందుకని అడగరు, ఎంతని అడుగుతారు" అన్నారు. ఆ మాట తెచ్చి ఆమెకు చెబితే తల అడ్డంగా ఊపింది. నాలుగు రోజులు ముందుకు కదలలేదు. "అది తేలకుండా ఇంకోటి చెప్పబాక" అంది.

అయిదో రోజు పొద్దున నేను గేటు దాటుతుండగానే లోపలినుంచి కేక. "మే సుగుణా! దొరికినాది! ఇటురా!" అంత పెద్ద గొంతు ఆమెకుందని ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. ఇద్దరు ఆయమ్మలు ఏమైందోనని వరండాలోకి వచ్చారు. ఆమె నన్ను గుడ్డల బీరువా ముందుకు లాక్కుపోయింది.

"ఒక రోగి వస్తే బీరువాలోంచి మూడు దుప్పట్లు పోతాయి. అవునా? అది రుణం మూడు. ఇద్దరొస్తే రుణం ఆరు. ఇది నువ్వు చెప్పిందే గదా. ఇప్పుడు ఇద్దరు రోగులు ఇంటికి పొయ్యినారనుకో. పొయ్యేది గాబట్టి వాళ్ళు రుణం రెండు. ఒక్కోరు తీసుకునింది రుణం మూడు. మరి నా బీరువాలో ఏమైనాది?"

"ఆరు దుప్పట్లు తిరిగొచ్చాయి" అన్నాను.

"ఉన్నదైపోయినాది!" అంది రాహేలమ్మ గారు. ఆమె కళ్ళలో నీళ్ళు. సూత్రం అంటే ఎవరో పైనుంచి పడేసిన మాట కాదని, మన చేతుల్లో ఉన్న దుప్పట్లలోనే అది ఉందని ఆ పొద్దున నాకు తెలిసింది. తర్వాత జీవితమంతా నేను లెక్కలే చెప్పాను. ఆ బీరువా ముందు నిలబడకపోయి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు.

నా పదకొండో తరగతి పరీక్షలూ ఆమె పరీక్షలూ ఒకేసారి, మా హైస్కూల్లోనే. ప్రైవేటుగా కట్టినవాళ్ళకు పక్క గది. తెలుగు పరీక్ష రోజున ఆమె కొత్త చెప్పులు వేసుకుని, గిన్నె కారియరుతో వచ్చింది. ఆ గదిలో మిగతావాళ్ళంతా మీసాలు వస్తున్న మగపిల్లలు. మధ్యలో ఆమె తెల్లచీర. ఇంగ్లీషు కూడా బాగా రాశానంది.

ఆ వారంలోనే సముద్రపు ఒడ్డు పాళేల్లో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. బండ్ల మీద, మంచాల మీద మనుషులను మోసుకొచ్చారు. ఉన్న మంచాలు నిండాయి, వరండా నిండింది, తర్వాత చెట్ల కింద చాపలు పరిచారు. ఆ జబ్బుకు ముందు కావలసింది మందు కాదు, శుభ్రమైన గుడ్డ. గంటగంటకూ మార్చాలి. మార్చినవన్నీ గుడ్డల గదికే వస్తాయి. మాతో పనిచేసే ఇద్దరిలో ఒకామెకు అదే జబ్బు పట్టుకుంది. లెక్కల పరీక్ష రోజు పొద్దున నేను అయిదుకు వెళ్ళేసరికి తలుపు బయట గుడ్డల గుట్ట నా నడుమెత్తు ఉంది. రాహేలమ్మ గారు అప్పటికే రెండు కాగులూ వెలిగించింది. డాక్టరమ్మ వచ్చి, "రాహేలూ, నువ్వు పరీక్షకు పో. ఎట్లాగో చూసుకుంటాం" అంది. "పోతానమ్మా" అంది ఈమె. ఏడు కాగానే నన్ను పిలిచి, "నువ్వు పొయ్యి మొహం కడుక్కో. ఒక అరగంటలో నేనూ వస్తా" అంది. నేను ఆ గుట్ట వంక చూశాను. అరగంటలో తరిగేది కాదని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళాను. ఆ మాట ఇక్కడ రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

పరీక్ష గంట కొట్టాక కూడా నేను కిటికీలోంచి పక్క గదినే చూస్తూ కూర్చున్నాను. ఆమె కూర్చునే మూడో బెంచీ ఖాళీ. మొదటి అరగంట ఒక్క లెక్కా చేయలేదు. ఒకసారి లేచి వెళ్ళిపోదామనుకున్నాను. లేవలేదు. తలవంచుకుని రాశాను. గంట కొట్టగానే ఎర్రటి ఎండలో చెప్పులు చేతబట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

ఆమె కాగు ముందు ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసింది. దండేలన్నీ నిండిపోయి, కంచె మీద, గోడ మీద, వేపకొమ్మల మీద తెల్లటి గుడ్డలు ఆరుతున్నాయి. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "వస్తానన్నారు గదా! ఎందుకు రాలేదు? నన్నెందుకు పంపించారు? నేను ఉండేదాన్ని గదా!" అని అరిచాను. ఆ గదిలో నేను గొంతెత్తడం అదే మొదలు.

ఆమె కర్ర పక్కన పెట్టింది. "ఏడవబాక. నీ కోసం ఆగినాననుకుంటా ఉండావా? నీ కోసం కాదు. నువ్వున్నా నేను పొయ్యుండను. అక్కడ ఒక బిడ్డ కింద గుడ్డ లేకుండా ఉత్త చాప మీద పడుకోనుండాది. దాన్ని చూసి పొయ్యి ఏం రాస్తా? ఇది నా పని, నేను ఆగినా. దీన్ని నువ్వు నెత్తినేసుకొని తిరగబాక." పాలిపోయిన చెయ్యి చాచింది. "ప్రశ్నల కాయితం యాడ?"

ఇచ్చాను. పొయ్యిలోంచి ఆరిన బొగ్గు ఒకటి తీసుకుని, సున్నం కొట్టిన గోడ దగ్గరకు పోయింది. కాగు నేను తిప్పాను. ఆమె గోడ మీద లెక్కలు చేసింది. మధ్యలో కొత్త గుట్ట వస్తే ఆగి, నానబోసి, మళ్ళీ గోడ దగ్గరకు. పొద్దు వాలేసరికి ఎనిమిది లెక్కలు చేసింది. నేను నా జవాబులతో సరిచూశాను. ఆరు ఒప్పు. "ఆరు వచ్చినాయా? నిజంగా ఆరేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆ గోడకు సున్నం మళ్ళీ కొట్టేదాకా ఆ లెక్కలు అలాగే ఉన్నాయి.

నేను పాసయ్యాను. ఆమె లెక్కల పరీక్షకు హాజరు కాలేదు కాబట్టి ఫెయిలని వచ్చింది. నాకు నెల్లూరులో టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. పని మానేస్తున్నానని చెప్పడానికి వెళితే, ఆమె అప్పటికే నా చోట ఇంకో బడిపిల్లను పెట్టుకుంది. ఎనిమిదో తరగతి పిల్ల. "దీనికి లెక్కలు రావు. ఈసారి నేనే చెప్పాల" అంది. ఆ ఏడు చివర్లో లెక్కల పరీక్ష మళ్ళీ పెట్టినప్పుడు రాసింది. నాకు కార్డు ముక్క వచ్చింది. అందులో మూడే మాటలు: "ముప్పై తొమ్మిది. పాసు."

పాసయితే నర్సు ట్రైనింగుకు పంపుతారని నేను అనుకుంటూ ఉండేదాన్ని. కాని దానికి వయసు ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఆమెకు పుస్తకం తెరిచిన మొదటి రోజు నుంచే తెలుసట. ఉద్యోగం మారలేదు, చీర మారలేదు, కాగులూ మారలేదు. నేను టీచరునయ్యాక ఒక వేసవిలో చూడటానికి వెళ్ళాను. ఇద్దరం గుడ్డల గది గడప మీద కూర్చుని వేయించిన వేరుశనక్కాయలు తింటున్నాం. "మరి ఎందుకక్కా అంత కష్టపడ్డారు?" అని అడిగాను. అప్పటికి ఆమెను అక్కా అని పిలిచే చనువు వచ్చింది నాకు.

పొట్టు ఊదేసి చెప్పింది. "నాకు పన్నెండేళ్ళప్పుడు మా అయ్యవారు మా నాయన్ని పిలిపిచ్చి చెప్పినాడు. 'ఈ పిల్లకు లెక్కలెక్కవు. దీని మీద కర్చు పెట్టబాక, పన్లో పెట్టు' అని. నేను పక్కనే నిలబడుండా. ఆయన చెడ్డోడు గాదు, మా నాయనకు మంచి చెప్తన్నాననుకున్నాడు. మర్నాటి నుంచి బడి లేదు. తర్వాత నాకు అన్నీ మరుపుకొచ్చినాయి మే, ఆయన మొగం గూడా. ఆ మాట ఒక్కటే పోలేదు. అది నిజమో కాదో తెలీకుండా చచ్చిపోగూడదనుకున్నా, అంతే."

"తెలిసిందా?"

"ముప్పై తొమ్మిది వచ్చినాయి గదా" అంది, చేతులు దులుపుకుంటూ.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. నేను దూరపు ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను, వారం తర్వాత తెలిసింది. ఆమె నాకిచ్చింది ఇది అని చూపించడానికి నా దగ్గర వస్తువు ఏదీ లేదు. తోటపల్లి గూడూరు దగ్గర ఒక బడిలో చివరి ఏళ్ళలో పనిచేస్తున్నప్పుడు ఒక పిల్ల ఉండేది. భిన్నాలు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేవి కావు. ఒకరోజు ఎండ మండుతోంది, నాకు తలనొప్పి. ఆ పిల్ల అదే తప్పు ఏడోసారి చేసుకుని వచ్చి పలక చాచింది. 'నీకు లెక్కలు రావే తల్లీ' అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. రాహేలమ్మ గారి చిన్ననాటి అయ్యవారి మాట లాంటిదే, చెడ్డ ఉద్దేశం లేని మాట. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తోంది, నేనేమంటే అదే తను అన్నట్టు. నోరు మూసుకున్నాను. పలక తుడిచాను. "ఇప్పుడు కాదులే, రేపు పొద్దున కాస్త ముందురా, ఇద్దరం కూర్చుని చూద్దాం" అన్నాను. ముప్పయ్యేళ్ళకు పైగా పాఠాలు చెప్పాను, ఎందరినో కసిరాను, ఎందరివో చెవులు మెలిపెట్టాను. ఆ ఒక్క మాట మాత్రం ఏ బిడ్డతోనూ అనలేదు. మర్నాడు ఆ పిల్ల నాకంటే ముందే వచ్చి, తాళం వేసిన తరగతి గది ముందు పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.